గడ్డిలో మట్టి వాటా

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చెరువు దాటి ఉత్తరానికి పోతుంటే ఒకవైపు జినోమ్ వ్యాలీ ల్యాబులు, ఇంకోవైపు వెంచర్ల ప్రహరీలు, వాటి నడుమ ఇంకా మిగిలిన వరి మడులు కనిపిస్తాయి. వానాకాలం కోతలు అయిపోయి, హార్వెస్టర్ వదిలిన గడ్డి వరుసలు ఎండుతున్న రోజుల్లో సాగిన వాదం ఇది. మామ శామీర్‌పేట మండలంలోనే వ్యవసాయం చేసే రైతు. మేనకోడలు బయోటెక్నాలజీ చదివి, పంట వ్యర్థాల నుంచి ఇంధనం తీసే పరిశోధనలో ఉంది. పక్క మడిలో ఎవరో గడ్డికి నిప్పు పెట్టడంతో మాట మొదలైంది.

మేనకోడలు: చూడు మామా, మళ్లీ నిప్పు పెట్టారు. టన్ను వరిగడ్డి తగలబడితే సుమారు 1,460 కిలోల కార్బన్ డయాక్సైడ్, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 3 కిలోల సన్నని నుసి గాలిలో కలుస్తాయి. ఎకరానికి దగ్గర దగ్గర రెండు టన్నుల గడ్డి వస్తుంది. లెక్క వేసుకో, ఒక్క ఎకరం నుంచి ఎంత పొగో. అదే గడ్డి ప్లాంటుకు చేరితే పొయ్యికి గ్యాస్ అవుతుంది, బండికి ఇంధనం అవుతుంది.

మామ: నిప్పు పెట్టుడు తప్పే బిడ్డా, నేను కాదన. కాని ఎందుకు పెడుతున్నరో గూడ చూడాలె. కూలోళ్లు కోసిన రోజుల్ల మొదలంట కోసి, కట్టలు కట్టి, కల్లంకాడ వాము వేసేటోళ్లం. ఏడాదంత పశువులకు అదే మేత. ఇప్పుడు కూలోళ్లు దొరకరు, హార్వెస్టర్ దిగుతది. గింజ తీసుకొని పోతది. జానెడు పైన కొయ్యలు నిలవడి ఉంటయి, వాటి మీద నలిగిన గడ్డి వరుసలు పడి ఉంటది. అట్లనే దున్నుదామంటె రోటావేటర్‌కు చుట్టుకుంటది. వానాకాలం కోతకు, యాసంగి నాటుకు నడుమ నెల రోజులు సుత చిక్కవు. రైతుకు అగ్గిపుల్ల ఒక్కటే అగ్గువకు దొరికే దారి అయింది.

మేనకోడలు: అందుకే ఇంకో దారి ఉండాలంటున్నాను. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కట్టిన ఇథనాల్ ప్లాంటును 2022 ఆగస్టులో ప్రారంభించారు. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది దాని లెక్క. అంటే టన్నుకు 150 లీటర్లు, మన ఎకరం గడ్డికి 300 లీటర్లు. పంజాబ్‌లోని లెహ్రాగాగాలో అదే ఏడాది అక్టోబరులో వెర్బియో సంస్థ ప్లాంటు మొదలైంది. రోజుకు 300 టన్నుల గడ్డి, 33 టన్నుల కంప్రెస్డ్ బయోగ్యాస్. ఆ లెక్కన ఎకరం గడ్డిలో 220 కిలోల గ్యాస్ ఉంది. 2018లో కేంద్రం తెచ్చిన సతత్ పథకంలో కిలోకు 46 రూపాయలు, పన్నులు అదనం అన్నారు. పదివేల రూపాయల సరుకును మనం పొగ చేసి వదులుతున్నాం.

మామ: పదివేలని సంబురంగ చెప్పినవు. ఆ పదివేలు ఎవల జేబుల పడతయి? బేలర్ వానికి కిరాయి, ట్రాక్టర్ కిరాయి, లారీ కిరాయి, గోదాం, ప్లాంటు ఖర్చు పోంగ నా దాంక వచ్చేది ఎంత? అది పక్కకు పెట్టు. ఇంకో లెక్క నేను చెప్త. మా వ్యవసాయ శాఖ ఏఈవో సార్ రైతు వేదికల చెప్పిండు. టన్ను వరిగడ్డిల అయిదున్నర కిలోల నత్రజని, రెండు కిలోల పైన భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటదట. ఎకరం గడ్డిల 50 కిలోల పొటాష్. బస్తాల లెక్కల చెప్పాలంటె బస్తాన్నర మించిన పొటాష్ ఎరువు. పొటాష్ మన దేశంల తవ్వితె రాదు, అంత బయట నుంచి కొనుక్కొచ్చుడే. గడ్డి కాలిస్తె నత్రజని పోతది, కర్బనం పోతది, నిజమే. పొటాష్ మాత్రం అయిదు వంతులల్ల నాలుగు వంతులు బూడిదల కలిసి మడిలనే ఉంటది. మీ ఫ్యాక్టరీకి లారీ ఎక్కిస్తె మొత్తానికి మొత్తం పోతది. మట్టి లెక్కల చూస్తె అగ్గిపెట్టినోనికంటె గడ్డి అమ్మినోనికే ఎక్కువ నష్టం. దీనికి జవాబు చెప్పు.

మేనకోడలు: జవాబు ఉంది మామా. నువ్వు తీసిన లెక్కలోనే ఉంది. గడ్డిలో రెండు రకాల సరుకు ఉంది. కర్బనం, హైడ్రోజన్ ఒక రకం. అవి గాలి నుంచి, వాన నీళ్ల నుంచి వచ్చాయి. పొటాష్, భాస్వరం, గంధకం ఇంకో రకం. అవి నీ మట్టి నుంచి వచ్చాయి. బయోగ్యాస్‌లో ఇంధనమయ్యేది మీథేన్. అందులో ఉండేది కర్బనం, హైడ్రోజన్ మాత్రమే. ట్యాంకులో గడ్డిని సూక్ష్మజీవులు తిని మీథేన్ వదులుతాయి. మీథేన్ పైపులో పోతుంది. పొటాష్‌కు ఆవిరయ్యే గుణం లేదు, భాస్వరానికీ లేదు. అవి అడుగున స్లర్రీలోనే మిగులుతాయి. నత్రజని కూడా చాలావరకు అందులోనే ఉంటుంది, పైగా మొక్క తొందరగా తీసుకునే రూపంలో. లెహ్రాగాగాలో 300 టన్నుల గడ్డికి రోజూ 600 టన్నులకు పైగా తడి ఎరువు వస్తుందని లెక్క. అది మడికి తిరిగొస్తే నీ మట్టి పోగొట్టుకున్నది ఏమీ ఉండదు.

మామ: తిరిగొస్తె. ఆ ఒక్క మాట మీదనే అంత ఆధారపడి ఉన్నది. గడ్డి తీసుకపోవుటానికి లారీ వస్తది, ఎందుకంటె దాంట్ల వాళ్లకు పైసలున్నయి. స్లర్రీ తెచ్చి పోసుటానికి లారీ ఎవడు పంపిస్తడు? అది సగానికి పైన నీళ్లే. యాభై కిలోమీటర్లు మోసుకొస్తె డీజిల్ ఖర్చు ఎరువు ధరను మించిపోతది. ఇగ ఇథనాల్ సంగతి? దాంట్ల పొటాష్ ఎటు పోతది?

మేనకోడలు: ఇథనాల్‌లో కథ వేరు, అది ఒప్పుకుంటాను. గడ్డిలో సెల్యులోజ్‌ను లిగ్నిన్ పట్టుకొని ఉంటుంది, పైన సిలికా పొర. పలచని ఆమ్లం, ఆవిరితో ఉడికిస్తే గానీ అది విడవదు. తర్వాత ఎంజైములు వేసి చక్కెరగా మార్చాలి, ఆ చక్కెరను ఈస్ట్‌తో పులియబెట్టాలి. గడ్డిలోని చక్కెరల్లో ఒక వంతు అయిదు కర్బనాల చక్కెర, మామూలు ఈస్ట్ దాన్ని ముట్టదు, దానికి వేరే రకం కావాలి. గడ్డితో వచ్చే మట్టి, సిలికా యంత్రాలను అరగదీస్తాయి. అందుకే ఇది పెద్ద పెట్టుబడి పని, పెద్ద ప్లాంటుగానే గిట్టుబాటు అవుతుంది. పెద్ద ప్లాంటుకు గడ్డి దూరం నుంచి రావాలి. అంత దూరం నుంచి ఖనిజాలు వెనక్కి రావడం కష్టమే.

మామ: ఇసొంటి పెద్ద పథకాలు ఎట్లయితయో మనం ఇంతకుముందే చూసినం. సంగారెడ్డి దగ్గర మహమ్మద్ షాపూర్‌ల 2007ల తీపి జొన్నతోని ఇథనాల్ తీసే డిస్టిలరీ పెట్టిన్రు. ప్రపంచంల అసొంటిది అదే మొదటిదన్నరు, ఇక్రిశాట్ వంటి పంట పరిశోధన సంస్థ వెనక ఉన్నది. కొన్నేండ్లకు ఆగిపోయింది. అంతకుముందు అడవి ఆముదం పెట్టుమన్నరు, డీజిల్ పారుతదన్నరు. బీడు భూముల పెట్టిన మొక్కలు గింజ గూడ సక్కగ కాయలేదు. ఊక కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు ఉమ్మడి రాష్ట్రంల ఊరూరికి వచ్చినయి. ఊకకు గిరాకీ పెరిగి ధర ఎగబాకంగనే చానా మూతపడ్డయి. ప్రతిసారి రైతును ముందు పెట్టుకొనే మొదలు పెడతరు. మూతపడ్డంక రైతు తట్టు చూసేటోడు ఉండడు.

మేనకోడలు: అవి ఎందుకు ఆగాయో విడమరిచి చూడాలి. తీపి జొన్న కాడ కోసిన వెంటనే గానుగాడాలి, లేకపోతే కాడలోనే చక్కెర తగ్గిపోతుంది. కోత కాలం ఏడాదిలో కొన్ని వారాలే, ఫ్యాక్టరీకి మాత్రం ఏడాదంతా సరుకు కావాలి. అందుకే ఇక్రిశాట్ వాళ్లే 2008లో మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్‌లో ఊరిలోనే రసం తీసి పాకం కాచే చిన్న కేంద్రం పెట్టారు. పాకం నిలవ ఉంటుంది, బరువు తగ్గుతుంది, పిప్పి ఊరి పశువులకు మేతవుతుంది. బరువుండే పని ఊరిలో, తేలిక సరుకు లారీలో అన్నది అక్కడ నేర్చుకున్న సూత్రం. ఇప్పుడు వరిగడ్డికీ అదే వర్తిస్తుంది. ఊక ప్లాంట్ల నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి. ముడిసరుకు ధర ముందే రాసుకోకపోతే ప్లాంటు నిలవదు.

మామ: ఇప్పుడు దారిలకు వస్తున్నవు. అయితె ఇంకోటి అడుగుత. గ్యాస్, ఇథనాల్ అన్నీ పక్కకు పెట్టి, గడ్డిని అట్లనే మడిల కలియదున్నితె ఏమయితది? మా సార్లు చెప్పేది అదే. నీళ్లు పెట్టి, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, కొయ్యలు కరిగట్ల తొక్కిస్తె కుళ్లుతది. పైసా కిరాయి లేదు, లారీ లేదు. మట్టిది మట్టికే పోతది. నడుమ మీరెందుకు?

మేనకోడలు: కొయ్యలు, వేర్లు కలియదున్నాల్సిందే, దాంట్లో తగాదా లేదు. మొత్తం గడ్డిని నీళ్లు నిలిచిన మడిలో తొక్కితేనే చిక్కు. గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మడిలో ఉన్న నత్రజనిని ముందు అవే తినేస్తాయి. నాటిన పది పదిహేను రోజులకు పైరు పసుపు రంగుకు తిరగడం నువ్వూ చూసే ఉంటావు.

మామ: చూసిన. యూరియా ఇంకో బస్తా పడుతది.

మేనకోడలు: ఇంకోటి కంటికి కనిపించదు. నీళ్ల అడుగున గాలి ఆడదు. గాలి ఆడని చోట గడ్డి కుళ్లితే వచ్చేది మీథేన్. నేను ట్యాంకులో తీస్తానంటున్న గ్యాస్ అదే. మడిలో అది బుడగలుగా, పైరు కాడల గుండా గాలిలోకి పోతుంది. వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. అంటే కుళ్లని గడ్డిని వరి మడిలో తొక్కితే గ్యాస్ ఎలాగూ పుడుతుంది, ఎవరికీ పనికి రాకుండా పోతుంది. ట్యాంకులో అయితే పట్టుకొని కాలుస్తాం, మిగిలింది మడికి పోస్తాం. నడుమ మేమెందుకని అడిగావు కదా, ఇందుకు.

మామ: ఈ మాట నాకు కొత్తది. ఒప్పుకుంట. కాని నీ ట్యాంకుకు పగుళ్లుంటె? స్లర్రీని బయట గుంటల నిలవబెడితె?

మేనకోడలు: అప్పుడు చెప్పిన మేలంతా పోతుంది. కారే ట్యాంకు, మూత లేని స్లర్రీ గుంట ఉన్న ప్లాంటు పర్యావరణానికి మేలు చేస్తున్నానని చెప్పుకోకూడదు. దానికి కొలిచే మనిషి ఉండాలి, కొలతలు ఊరికి తెలియాలి.

మామ: సరే, మట్టికి కర్బనం సంగతి? టన్ను గడ్డిల 400 కిలోల కర్బనం ఉంటదని సార్ చెప్పిండు. దాన్నంత నువ్వు గ్యాస్ జేసి అమ్మితె వానపాములు ఏం తినాలె? మా భూముల కర్బనం ఇప్పటికే అడుగంటింది. పశువులు పోయినయి, పెంట పోయింది. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట అంటె ద్రాక్ష తోటలు. అనాబ్-ఎ-షాహీ గెలలు పట్నం పోతుండె. ఆ తోటలకు బండ్ల కొద్ది పెంట తోలేటోళ్లం. అసొంటి మట్టి ఇప్పుడు ప్లాట్ల కింద పడ్డది. మిగిలిన కాస్తకు తిండి పెట్టకపోతె ఎట్ల?

మేనకోడలు: ట్యాంకులో సూక్ష్మజీవులు తొందరగా కుళ్లే భాగాన్నే తింటాయి. లిగ్నిన్ వాటికి అరగదు. అది స్లర్రీతో మడికి వస్తుంది, మట్టిలో ఎక్కువ కాలం నిలిచేదీ అదే. తొందరగా కుళ్లే కర్బనం మడిలో వేసినా కొన్ని నెలల్లో గాలిలోకే పోతుంది. అయినా నీ మాటలో న్యాయం ఉంది. వానపాముకు, మట్టిలోని జీవానికి ఆ తొందరగా అరిగే తిండీ కావాలి. అందుకే కొయ్యలు, వేర్లు ఎప్పుడూ మడిలోనే ఉండాలి. పైన పడిన గడ్డి వరుసలే ఎత్తాలి. అదీ ప్రతి కారులో కాదు, ఏడాదికి ఒక కారు ఎత్తి ఒక కారు వదలాలి. జీలుగో జనుమో వేసి దున్నితే ఇంకా మంచిది.

మామ: పశువుల వాటా మర్చిపోయినవు.

మేనకోడలు: లేదు. మేతకు పోయే గడ్డి మేతకే పోవాలి. కరువు వచ్చిన ఏడు ప్లాంటుకు గడ్డి ఆపే హక్కు ఊరికి ఉండాలి. పాలిచ్చే బర్రె నోటి దగ్గర గడ్డి లాక్కొని బస్సు నడపాలని నేను అనడం లేదు.

మామ: మరి ఇక్కడ మీ ప్లాంటుకు సరుకు ఎక్కడిది? మడులు ఏటేట తగ్గుతున్నయి.

మేనకోడలు: వరిగడ్డి ఒక్కదాని మీదే ఎందుకు నిలబడాలి? ఇదే రోడ్డు మీద పైకి పోతే వంటిమామిడి కూరగాయల మార్కెట్. కొండపోచమ్మ సాగర్ వచ్చాక ఆ పై మడులన్నీ వరి. చుట్టూ కోళ్ల ఫారాలు. వరిగడ్డిలో నత్రజని తక్కువ, కోళ్ల పెంటలో ఎక్కువ. రెండూ విడివిడిగా ట్యాంకులో అంత బాగా పనిచేయవు. పెంట ఒక్కటే వేస్తే అమ్మోనియా పెరిగి సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, గడ్డి ఒక్కటే వేస్తే ఆకలికి నీరసిస్తాయి. కలిపి వేస్తే రెండింటి కొరతా తీరుతుంది. ఇటు గడ్డి, అటు పెంట, కింద గ్యాస్ కొనే పట్నం. ఇంత దగ్గరగా మూడూ ఉన్న చోట్లు తక్కువ.

మామ: చెప్పుడు బాగనే ఉన్నది. నడిచింది ఒకటన్న చూపెట్టు.

మేనకోడలు: మేడ్చల్ రోడ్డు కిందికి పోతే బోయిన్‌పల్లి మార్కెట్ ఉంది. నువ్వూ టమాటా తోలిన మార్కెట్టే. అమ్ముడుపోని కూరగాయలు, గోబీ ఆకులు, మెత్తబడిన టమాటాలు ఒకప్పుడు లారీల్లో డంప్‌యార్డుకు పోయేవి. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు సొంతంగా పేటెంట్ చేసిన గ్యాస్ లిఫ్ట్ రియాక్టర్ అక్కడ పెట్టారు. చెత్తను బెల్టు మీద పోస్తారు. అది ముక్కలై, రుబ్బిన పిండిలా జారుగా మారి ట్యాంకులోకి పోతుంది. వచ్చిన గ్యాస్ పెద్ద బెలూన్లలో నిండుతుంది. రోజుకు 10 టన్నుల వ్యర్థాలతో సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాస్ వస్తాయన్నారు. మార్కెట్ దీపాలకు, దుకాణాలకు, నీళ్ల మోటార్లకు ఆ కరెంటే. క్యాంటీన్ పొయ్యికి ఆ గ్యాసే. 2021 జనవరి 31న ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పింది ఈ మార్కెట్ గురించే. చెత్త పుట్టిన చోటే ప్లాంటు, ప్లాంటు ఉన్న చోటే వాడకం. దాని బలం అది.

మామ: ఆ బలం ఇంకోదాంట్ల గూడ ఉన్నది. అక్కడికి వచ్చేది ఏరిన సరుకు. ఏరకుండ అన్నీ కలిపి తెచ్చి పోస్తె ఏమయితదో జవహర్‌నగర్ డంప్‌యార్డు చుట్టుపక్కల ఉండేటోళ్లను అడుగు. ఆ కంపు మా దాంక వస్తది. అందుకే ప్లాంటు అంటనే జనం ఉలిక్కిపడతరు. 2024 నవంబరుల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌ల ఆడోళ్లు, పిల్లలతోని సహ రోడ్డు మీద కూసున్నరు, ఇథనాల్ ఫ్యాక్టరీ పని ఆపించిన్రు. నారాయణపేట జిల్లా చిత్తనూరుల అదే లొల్లి.

మేనకోడలు: అవి ధాన్యం, నూకలతో ఇథనాల్ తీసేందుకు తలపెట్టినవి మామా. తినే గింజను, ఊరి నీళ్లను బండ్లకు పోయడం మీద ప్రజల కోపంలో న్యాయం ఉంది. నేను గింజ గురించి మాట్లాడటం లేదు, గింజ పోయాక మిగిలినదాని గురించి మాట్లాడుతున్నాను. ఇథనాల్ పేరు ఒక్కటే కాబట్టి రెండూ ఒకటని జనం అనుకుంటే, ఆ తేడా ఊరికి వచ్చి చెప్పని మాలాంటి వాళ్లదే బాధ్యత.

మామ: పత్తి కట్టె సంగతేంది? దాన్ని మడిల దున్నలేం, పశువులు ముట్టవు.

మేనకోడలు: అది వేరే సరుకు, దానికి వేరే దారి. కట్టెలో లిగ్నిన్ ఎక్కువ, గ్యాస్ ట్యాంకుకు పనికిరాదు. కానీ ముక్కలు కొట్టి పెల్లెట్లు చేస్తే బాయిలర్‌లో బొగ్గుకు బదులు కాలుతుంది. వరిగడ్డిని అక్కడ కాల్చడం కష్టం, దాంట్లోని పొటాష్, సిలికా కరిగి బాయిలర్‌లో గడ్డకడతాయి. థర్మల్ ప్లాంట్లు బొగ్గులో కొంత బయోమాస్ కలపాలని కేంద్రం నిబంధన కూడా పెట్టింది. పైగా పత్తి కట్టె మడిలో నిలవ ఉంటే గులాబీ రంగు పురుగు వచ్చే పంట దాకా బతుకుతుంది. తీసేస్తే రైతుకే మేలు. తడి సరుకు ట్యాంకుకు, కట్టె బాయిలర్‌కు, మేత పశువుకు. ఏది ఎటు పోవాలో వేరు చేయకుండా అన్నింటినీ ఒకే లారీలో ఎక్కించినందుకే ఇన్ని పథకాలు దెబ్బతిన్నాయి.

మామ: నేను నీ ట్యాంకుకు అడ్డం కాదు. కాని పెద్ద కంపెనీ వచ్చి యాభై ఊర్ల గడ్డి ఒక్క దగ్గర పోగేసుడు నాకు నచ్చది. పది, పదిహేను కిలోమీటర్ల లోపట తిరిగే ప్లాంటే కావాలె. రైతు సంఘానికి దాంట్ల వాటా ఉండాలె. గ్యాస్ ధర పెరిగిననాడు గడ్డి ధర గూడ పెరగాలె.

మేనకోడలు: చిన్నవి ముందు రావాలన్నది ఒప్పుకుంటాను. పెద్దవి అసలే వద్దంటే మాత్రం ఒప్పుకోను. వరి ఒక్కటే పండి, పశువులు లేక, గడ్డి గుట్టలుగా మిగిలే జిల్లాలున్నాయి. అక్కడ పెద్ద ప్లాంటు లేకపోతే నిప్పే దిక్కు. సతత్ మొదలైనప్పుడు దేశమంతా 5,000 ప్లాంట్లన్నారు, అందులో కొద్ది భాగమే పూర్తయ్యాయి. ఇప్పుడు గ్యాస్ కంపెనీలు 2025-26 నుంచి బయోగ్యాస్ తప్పనిసరిగా కలపాలనీ, 2028-29కి అది 5 శాతానికి చేరాలనీ నిర్ణయం వచ్చింది. గిరాకీ వస్తోంది. రైతు షరతులు ఇప్పుడే రాయకపోతే తర్వాత రాసే అవకాశం దొరకదు.

మామ: అయితె మొదటి షరతు రాసుకో. ధర రెండోది. టన్ను గడ్డి పోతె ఎంత స్లర్రీ, ఎన్ని కిలోల పొటాష్, ఏ నెల లోపల, ఎవల ఖర్చుతోని నా మడికి తిరిగొస్తదో ఒప్పంద పత్రంల అంకెలల్ల ఉండాలె. తేకపోతె మరుసటి కారు గడ్డి ఆపే హక్కు నాకుండాలె.

మేనకోడలు: ఆ షరతును నేను సమర్థిస్తాను, పెద్ద ప్లాంటుకైనా చిన్న ప్లాంటుకైనా. గాలి నుంచి వచ్చినదాన్ని అమ్ముకోవడానికే ఇంధన కంపెనీకి హక్కు ఉంది. మట్టి నుంచి వచ్చినదాన్ని మట్టికి చేర్చే ఖర్చు దాని పెట్టుబడి లెక్కలో మొదటి వరుసలోనే ఉండాలి. ఆ ఖర్చు కలిపితే నష్టం వస్తుందనే ప్లాంటు ఇన్నాళ్లూ చూపిన లాభం నీ పొలం సారం నుంచి తీసిందే. అలాంటిది శామీర్‌పేటలోనే కాదు, తెలంగాణలో ఏ ఊళ్లోనూ పెట్టనివ్వకూడదు.